ఉప్పునీళ్ళ జాడీలో కనెక్టర్లు

మా చిన్నది ఆ వైరు కొసని మూతి దగ్గర పెట్టుకుని "హలో, హలో, మైక్ టెస్ట్" అంటున్నప్పుడు నాకు ముందు నవ్వే వచ్చింది. ప్రమాదం అని తెలిసింది ఆ తర్వాతి క్షణంలో. అదీ దాన్ని చూసి కాదు, దాని వెనకాల ఉన్న అరల్ని చూసి. నాలుగు అరల్లో ఒకటి చీకటిగా ఉంది. మిగతా మూడింట్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అంటే, ట్రేలు కడగడానికి నాలుగో అర వైరు విప్పాను కానీ స్విచ్ కట్టేయలేదు. మూడేళ్ళ పిల్ల పెదాలకి అంగుళం దూరంలో ఉన్న ఆ రెండు ఇత్తడి ముళ్ళలో కరెంటు ఉంది.

అరిస్తే ఉలిక్కిపడి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మీదికి పరిగెత్తితే ఆటనుకుని నోట్లో పెట్టుకుంటుంది. "పాట పాడమ్మా, వింటాను" అన్నాను. అది గొంతు సవరించుకుంది. మూడడుగులు వెనక్కి వేసి వరండాలో ఆ గది మెయిన్ స్విచ్ కట్టేశాను. గది చీకటైంది. "అమ్మా, మైకు పోయింది" అని అది ఏడుపు మొదలుపెట్టింది. నేనూ మొదలుపెట్టాను.

ఆ భయమే కరెంటు పని చేసే ఆ పెద్దాయన్ని మా ఇంటికి తీసుకొచ్చింది. మొన్న సాయంత్రం మా అత్తగారికి సముద్రం ఒడ్డునున్న బారువ నుంచి ఫోను వచ్చింది, ఆయన పోయారని. అప్పటినుంచి ఇంట్లో ఏ వైరు చూసినా ఆయనే కనిపిస్తున్నారు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. పేరు రాయను. ఆ తీరంలో సగం మందికి ఆయన మావ. మా అత్తగారికి పుట్టింటివైపు అన్న వరస, మా ఆయనకి మేనమావ, ఆ లెక్కన నాకు పెదనాన్న, పిల్లలకి తాత. ఇన్ని వరసలున్న మనిషిని పేరుపెట్టి పిలిచినవాళ్ళెవరూ నాకు తెలియదు.

ముందు మా గది సంగతి చెప్పాలి. నేను టెక్కలిలో బి.ఎస్సీ. బోటనీ చదివాను. ఆ చదువు రెండు కాన్పుల మధ్య ఎక్కడో జారిపోతుంటే పట్టుకుని, పలాసలో మా ఇంటి వెనక గదిలో మైక్రోగ్రీన్స్ పెంచడం మొదలుపెట్టాను. ముల్లంగి, ఆవాలు, పొద్దుతిరుగుడు గింజల్ని ట్రేలలో మొలిపించి, రెండాకులు విచ్చుకోగానే కత్తిరించి, పొద్దుటి రైలుకి విశాఖపట్నం హోటళ్ళకి పంపడం. ఆ గదికి కిటికీ లేదు కాబట్టి మొలకలకి ఎల్.ఇ.డి. గ్రో లైట్లు పెట్టాం. ఒక్కో అర దీపాలకి ఒక్కో డ్రైవరు. డ్రైవరంటే మనిషి కాదు, ఇంట్లోకి వచ్చే కరెంటుని ఆ దీపాలకి సరిపడేలా మార్చే ఇనప డబ్బా. ఇటుకంత ఉంటుంది, ఇస్త్రీ పెట్టెలా కాగుతుంది. ఆ వేడికి మొలకలు వడలిపోతున్నాయని మా ఆయన ఆ నాలుగు డబ్బాల్నీ బయట వరండా గోడకి బిగించి, అక్కణ్ణుంచి పొడుగు వైర్లతో లోపలి దీపాలకి కలిపారు.

మా ఆయన టెక్కలిలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతారు. వైరింగ్ మాత్రం బస్సులో నేర్చుకున్నారు, వెళ్ళేటప్పుడు సగం వీడియో, వచ్చేటప్పుడు సగం వీడియో చూసి. అన్నిచోట్లా ఒకే రకం కనెక్టర్లు పెట్టారు. కరెంటు డ్రైవరులోకి వెళ్ళేచోటా అవే, డ్రైవరు నుంచి దీపాలకి వెళ్ళేచోటా అవే. "ఒకే రకమైతే కన్ఫ్యూజన్ ఉండదు" అన్నారు. ఆ ముక్కని మా అత్తగారు ఈ రోజుకీ వదల్లేదు.

మైకు సంగతి విన్న మర్నాడే ఆవిడ బారువకి ఫోను చేశారు. ఆయన సోంపేటలో బస్సు మారి, మధ్యాహ్నానికల్లా దిగారు. భుజానికి గుడ్డ సంచి, చంకలో చెక్క. పాత తెప్పలోంచి తీసిన చెక్క అది, రెండు పాదాలు పట్టేంత వెడల్పు. ఎక్కడ కరెంటు పని చేసినా దాన్ని నేల మీద వేసి, దాని మీద నిలబడే చేసేవారు. "సముద్రం మీదే నిలబెట్టిన సెక్క, నేల మీద నిలబెట్టదేటి?" అనేవారు. చిన్నప్పుడు వేటకి వెళ్ళిన మనిషే. తర్వాత ఐసు ఫ్యాక్టరీలో మోటారు దగ్గర కాపలా కూర్చుని, కూర్చుని, కరెంటు పని పట్టుకున్నారు.

గదిలోకి వచ్చి గులాబీ రంగు వెలుతురుని కాసేపు చూశారు.

"ఇదేటి అమ్మీ?"

"మొక్కలకి దీపాలు పెదనాన్నా."

"మొక్కలకి సూరీడు నేడా?"

"గదిలోకి రాడు కదా."

"మొక్కలు బయటికెల్లొచ్చు కదా." ఒక ట్రే దగ్గరికి వంగి చూశారు. "గడ్డి బాగుంది. ఆవులెక్కడ?"

"ఆవులకి కాదు, మనుషులే తింటారు."

ఆయన వెనక్కి తిరిగి మా అత్తగారిని చూశారు. "సెల్లీ, నువ్వు గానీ తింటన్నావేటి?"

"నాను తిన్నన్నా. విశాపట్నంవోల్లు తింటారంట."

"ఆల్లకేటి కట్టమొచ్చింది!" అని నిజంగానే బాధపడి, చెక్క వేసుకుని పని మొదలుపెట్టారు.

ఆయన పని చూడటానికి మా పిల్లలు గుమ్మంలో కూర్చునేవారు. ఎందుకంటే ఆయన ఒక చేత్తోనే చేసేవారు. ఎడమ చెయ్యి ఎప్పుడూ వెనక్కి మడిచి నడుం మీద ఉండేది. మొదటిరోజు నేను నడుం నొప్పేమో అనుకుని అడిగాను కూడా. "రెండు సేతులూ పెడితే కరెంటు ఒక సేతిలోంచి దూరి గుండిమీదుగా రెండో సేతిలోంచి దిగిపోతాది. అందుకని ఒక సెయ్యి ఇంటికోసం అట్టిపెట్టుకోవాల" అన్నారు. ఇప్పటికీ మా పెద్దాడు హోంవర్కు చేసేటప్పుడు ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని రాస్తాడు. నోటుబుక్కు జారిపోతుంది. అయినా మానడు.

మీటరు పెట్టే పద్ధతి ఇంకో పూజ. ముందు వెలుగుతున్న బల్బు దగ్గర పెట్టి చూసేవారు. తర్వాత కట్టేసిన వైరు దగ్గర. తర్వాత మళ్ళీ ఆ బల్బు దగ్గరికే వెళ్ళి చూసేవారు. మూడోసారి ఎందుకని మా ఆయన అడిగితే, "సచ్చిన మీటరు అన్నీ సచ్చినట్టే సెప్తాది అల్లుడూ. మజ్జిలో సచ్చిందేమో సూడొద్దా?" అన్నారు.

ఆ రోజు, మైకు అయిన వైరు కొసని ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురులో తిప్పారు. 

"ఇది జెల్ల" అన్నారు.

"కనెక్టర్ మావా" అన్నారు మా ఆయన.

"జెల్ల సేపని నువ్వు పులుసులోనే సూసినావు. వలలో సూడనేదు. వలలోంచి జెల్లని ఇప్పేముందు ముల్లు విరిసీయాల. బతికున్న ముల్లు గుచ్చుకుంటే పడవ నడిపే సరంగుకైనా ఏడుపొచ్చీసుద్ది. బతికున్న జెల్లని తెచ్చి నీ కూతురి సేతికిచ్చినావు."

మా ఆయన బోర్డు ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. "అది డీసీ మావా. ఇంట్లో కరెంటు కాదు. డ్రైవరు దాటాక అంత ప్రమాదం ఉండదు."

ఆయన మమ్మల్నందర్నీ గుమ్మం అవతలికి పంపి, స్విచ్ వేసి, విప్పి ఉన్న ఆ కొసకి మీటరు పెట్టారు. నూట తొంభై వోల్టులు చూపించింది. దీపం తగిలించి ఉన్నప్పుడు ఎంత ఉంటుందో అదీ చూపించారు. దానికన్నా ఇదే ఎక్కువ. దీపం విప్పేస్తే ఆ డబ్బా దీపాన్ని వెతుక్కుంటూ ఇంకా పైకి తన్నుతుందట. లెక్కల మాస్టారు ఆ అంకె వంక చాలాసేపు చూశారు.

"పేరేదైతే ఏటి అల్లుడూ, నూట తొంబయ్యి నూట తొంబయ్యే" అన్నారు ఆయన. తర్వాత మెయిన్ కట్టేసి, మళ్ళీ మూడుసార్లు మీటరు పెట్టి, గోడ దగ్గర కరెంటు వచ్చే వైరు కొసని విప్పి తిన్నగా దీపం కొసలో దూర్చారు. డ్రైవరుతో పని లేకుండా టక్కుమని కూర్చుంది. 

"సూడు, ఎంత సక్కగా దూరిందో. ఇంట్లో తాళాలన్నింటికీ ఒకే సెవి అయితే ఎవులికి సులువు?"



"దొంగకి" అన్నారు మా అత్తగారు, పక్కగదిలోంచి.

అప్పటికి నాకు ఓపిక అయిపోయింది. "తీసేయండి పెదనాన్నా. దీపాలూ వద్దు, ఈ వ్యాపారమూ వద్దు. పిల్లలున్న ఇల్లు" అన్నాను. అన్నానే కానీ, ఆ నాలుగు అరలు తప్ప నేను చదివిన చదువుకి ఆ ఇంట్లో వేరే చోటు లేదు.

ఆయన చెక్క దిగారు. చెక్క మీద ఉండగా ఎవరేం అన్నా జవాబు చెప్పేవారు కాదు, దిగాకే. "తీసీడం నిమిసం పని. పిల్లలున్న ఇంట్లో పొయ్యి ఎలిగించరేటి? నాకు కొన్ని రోజులియ్యి అమ్మీ. పిల్ల లాగినా ఊడకూడదు, ఊడినా కొట్టకూడదు. అలగటి కనెక్టరు దొరికితే దీపాలెలుగుతాయి. దొరక్కపోతే నానే ఇప్పీసి, మూట కట్టీసి, సముద్రంలో పారీసొత్తాను."

అప్పటిదాకా దీపాలు వెలగవు. హోటళ్ళకి ఏదో సర్దిచెప్పాను. ట్రేల్లో మొలకలు పాలిపోయి, పొడుగ్గా సాగి, ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి.

తర్వాతి వారం ఆయన సంచి నిండా కనెక్టర్లతో వచ్చారు. పలాస బజారులో దొరికినవి, మా ఆయన ఆన్‌లైన్‌లో తెప్పించినవి, ఎవరో పడవ ఇంజను దగ్గర వాడేవి. గచ్చు మీద గోనె పరిచి సంతలో చేపల్లా వరసగా పేర్చారు. ముళ్ళు బయటికి ఉన్నవన్నీ జెల్లలు. మీట ఎత్తి వైరు పెట్టి మూసేవి ఆల్చిప్పలు. చుట్టూ మర బిగించే రకం నత్తలు. మా ఆయన కొన్న సన్న వైరుని చూసి మాత్రం "ఇది వైరా, నెత్తళ్ళ సేపా?" అని పక్కన పడేశారు. 

తర్వాత మా అత్తగారిని అడిగారు. "సెల్లీ, ఒక ఊరగాయ జాడీ ఇయ్యి. ఉప్పు కూడా."

"ఏటి ఊరేత్తావన్నా?"

"అల్లుడి తెలివి."

ప్రతి కనెక్టరు జతనీ బిగించి, చిక్కటి ఉప్పునీళ్ళలో వేసి, వైర్ల తోకలు మాత్రం నీళ్ళు తగలకుండా పైకి కట్టి, మూతికి గుడ్డ చుట్టి, వంటింట్లో మూల పెట్టి వెళ్ళిపోయారు. "మన గాలిలో ఏడాదికి పట్టే ఉప్పు దీనిలో వారానికి పడతాది" అని లెక్క చెప్పారు. పక్కనే మా అత్తగారు ఉప్పులో ఊరవేసిన మామిడి ముక్కల జాడీ ఉంది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ జాడీ గుడ్డ విప్పి, చూడకుండా చెయ్యి పెట్టి, నల్లగా, తడిగా, తోకలతో సహా గుప్పెడు బయటికి లాగారు.

"ఓలమ్మో! ఎండ్రకాయలు!"

గుప్పెడు పీతలూ ఎగిరి పప్పుగిన్నెలో పడ్డాయి. మా పెద్దాడు పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి తిరిగి జాడీలో వేశాడు. ఆ రోజు మాకు పప్పు లేదు. సాయంత్రం ఫోనులో సంగతంతా చెబితే ఆయన అడిగింది ఒకటే. "ఉప్పునీలు ఒలికిపోనేదు కదా?"

వారం తిరిగాక ఆయన వచ్చి ఒక్కోటీ విప్పారు. చాలావాటిలో నీళ్ళు చేరాయి, ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము పట్టింది. మా ఆయన తెప్పించిన దాని మీద వాటర్‌ప్రూఫ్ అని అచ్చు వేసి ఉంది. అదీ బొళుక్కుమని నీళ్ళు కక్కింది. 

"రాసి ఉంది మావా" అన్నారు మా ఆయన, ఇంకా నమ్మలేక.

"రాసినోడు బారువ సూడనేదు" అన్నారు ఆయన.

లోపల పొడిగా ఉన్నవి రెండు రకాలే మిగిలాయి. వాటికి మా పిల్లల్ని పిలిచారు. "నా లాగుడు మీద నాకు నమ్మకం నేదు. నాను జాగర్తగా లాగుతాను. ఈల్లు ఎలగ లాగుతారో అలగ లాగాల." కరెంటుతో సంబంధం లేకుండా, ఉత్త వైరు ముక్కలకి బిగించి, ఇటు పెద్దాడు, అటు చిన్నది, మధ్యలో ఆయన గొంతుక్కూర్చుని తీర్పరి. మొదటి రకం నొక్కి తగిలించేది. రెండో లాగుకే ఊడి ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. రెండోది మర బిగించే నత్త. పిల్లలు కాళ్ళు తన్నిపెట్టి, మొహాలు ఎర్రబడేదాకా లాగారు. మా ఆయన కూడా ఒకవైపు చెయ్యి వేశారు, పిల్లలకి సాయమని చెప్పారు కానీ పట్టుదలగానే లాగారు. రాలేదు. 

"తాతా, ఇది రాదు" అంది చిన్నది, వగరుస్తూ.

"రాకూడదనే" అన్నారు ఆయన. ఆ మొహంలో ఆ వెలుగు మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

బిగించే రోజు ఆయన పక్కనే ఉండి చూశాను. డ్రైవరు వైపు కొసకి ముళ్ళు లేవు, లోపలికి ఉండే బొక్కలే. దీపం వైపు కొసకి ముళ్ళు. విప్పితే చేతికి తగిలేవి చచ్చిన ముళ్ళు. డ్రైవరులోకి ఇంటి కరెంటు వెళ్ళేచోట అసలు ఆ రకమే వాడలేదు. ఆల్చిప్పల్ని మూసిన డబ్బాలో పెట్టి మరలు బిగించేశారు. దానికీ దీనికీ ఎవరెంత ప్రయత్నించినా జత కుదరదు. నత్త మెడలో రబ్బరు గట్టిగా పట్టేలా గుండ్రటి లావు వైరు ఎంచుకున్నారు. వైరు బరువు కనెక్టరు మీద పడకుండా గోడకి క్లిప్పులు కొట్టి, మధ్యలో కిందికి ఒక వంపు వదిలారు, గోడ మీద కారే నీటిచుక్క అక్కడే రాలిపోయేలా. కనెక్టరు మీద రాసి ఉన్న వోల్టులూ ఆంపియర్లూ నాతో పైకి చదివించి, మనకి కావలసినదానికన్నా పెద్దవో కాదో నాతోనే చెప్పించారు.

చివర్న నాకు ఒప్పగింతలు పెట్టారు. స్విచ్ కట్టెయ్యాలి. ఇరవై లెక్కపెట్టాలి, డబ్బాలో మిగిలిన కరెంటు దిగడానికి. అప్పుడు నత్త విప్పాలి. దీపం వెలుగుతుండగా విప్పితే మెరుపు పుట్టి ఆరదు. వెలుగుతుండగా తగిలిస్తే దీపాలు మాడిపోతాయి. మా చిన్నది ఇరవై దాకా అంకెలు అలాగే నేర్చుకుంది, ట్రేలు కడిగే వేళ నాతోపాటు పైకి లెక్కపెట్టి. పదిహేను మర్చిపోతే మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టించేది నాచేత.

దీపాలు వెలిగాయి. మొదటి కోత ముల్లంగి మొలకలు ఒక పొట్లం కట్టి ఆయనకి ఇచ్చాను. తర్వాతిసారి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయని అడిగాను. 

"ఎండుసేప పులుసులో ఏసినాం."

"ఎలా ఉంది మరి?"

 "సేప బాగుంది" అన్నారు.

ఆయన ఏ పనినీ అయిపోయిందనేవారు కాదు. "ఈయేలకి అయింది" అనేవారు. నెలకోసారి వచ్చి ప్రతి కనెక్టరునీ వేలితో తాకి వేడి చూసేవారు, పిల్లలచేత లాగించేవారు. అలాంటి ఒక రాకలోనే ఆయన చేసిన తప్పు కూడా జరిగింది. 

ఆ నెల ఒక సీసాలో నల్లటి నూనె తెచ్చారు. నేను ట్రేల పనిలో ఉన్నాను. నత్తలన్నిటి మీదా ఆ నూనె కొబ్బరిపీచుతో పామి, టీ తాగి వెళ్ళిపోయారు. ట్రేలు కడిగే రోజు రాకముందే, నాలుగైదు రోజులకి మా ఆయన కుడిచేతి వేళ్ళు వాచి, నల్లబడి, బొబ్బలెక్కాయి. 

"చాక్‌పీసు ఎలర్జీ" అన్నారు మా ఆయన.

మా అత్తగారు పెళ్ళైన కొత్తలో పలాస జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టి, ఆ తొక్కలోని నూనెకి చేతులు కాల్చుకున్నావిడ. కొడుకు చెయ్యి పట్టుకుని వెలుతురులో చూశారు, వాసన చూశారు.

"ఇది సుద్దముక్క కాదురా. జీడి. ఏది ముట్టుకున్నావు?"

"ఏమీ ముట్టుకోలేదమ్మా."

"జీడినూనె గాలికి ఎగిరొచ్చి కుడిసేతికే అంటుకుందేటి?"

పావుగంటలో నిజం బయటపడింది. దీపం వెలుగుతుండగా విప్పితే డీసీ మెరుపు వస్తుందని మావ చెప్పింది నిజమో కాదో చూద్దామని, నేను గుడికి వెళ్ళినప్పుడు, ఈ లెక్కల మాస్టారు ఒక నత్త విప్పి చూశారట.

"వచ్చిందా?" అన్నాను నేను.

"వచ్చింది. నీలంగా" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళలో ఉన్న ఆనందం చూసి మూడు రోజులు మాట్లాడలేదు నేను.

పెదనాన్నని పిలిపించాం. ఆయన అల్లుడి వేళ్ళు చూసి, తన చేతులు చూసుకున్నారు. ఆ చేతులకి జీడి ఏమీ చెయ్యదు. తాడు లాగి లాగి తోలు మందమైపోయిన చేతులు. మొహం చిన్నబోయింది. 

"ఉప్పుగాలికి పడవకి రాసినట్టు రాసీసినాను అమ్మీ. పడవని ఎవులూ సేత్తో పట్టుకుని ఆడుకోరు కదా. మర్సిపోయినాను."

నాకు కోపం ఆగలేదు. పెద్దవారని కూడా చూడలేదు. "పిల్లకి షాకు కొట్టకూడదని మిమ్మల్ని పిలిచాం. అది ముట్టుకుని, అదే చెయ్యి కంట్లో పెట్టుకుని ఉంటే? ఎవరితో చెప్పారు మీరు? ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. మా అత్తగారు వంటింట్లోంచి రాలేదు. మా ఆయన బొబ్బల చెయ్యి వెనక్కి దాచుకున్నారు.

ఆయన చెక్క వేసుకున్నారు. మెయిన్ కట్టేశారు. ఎనిమిది కొసల్నీ కోసేసి, కొత్త నత్తలు బిగించారు. గోడనీ, క్లిప్పుల్నీ, డబ్బాల్నీ గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. పొద్దుపోయేదాకా చేశారు. టీ ఇస్తే వద్దన్నారు. పిల్లలు లాగడానికి వస్తే, ముందు తన బుగ్గకి ఆ వైరు రాసి చూసుకుని అప్పుడు వాళ్ళ చేతికిచ్చారు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నన్ను పిలిచారు. క్షమాపణ చెబుతారేమోనని నాకే సిగ్గేసింది. 

"అరిసినావు కదా, మంచి పని సేసినావు" అన్నారు. "బయపడతన్నానని నువ్వు బాదపడతావంట, సెల్లి సెప్పింది. బయపడేవోల్లు ఒకరుండాలమ్మీ ఇంట్లో. నీ మొగుడు సదువుకున్నోడు, ఆడికి బయం నేదు. నాకు బయముంది గాని నాను రోజూ రానేను."

ఆ మాట తర్వాత ఆయన ఇంకో ఏడాది వచ్చారు. 

మొన్న ఫోను చేసింది ఆయన భార్య. మా అత్తగారు స్పీకరులో పెట్టారు. ఆవిడ గొంతులో ఏడుపు కన్నా చికాకే ఎక్కువ వినిపించింది. "కరెంటు కాదు వొదినా. ఎవులికి సెప్పినా ముందు అదే అడుగుతన్నారు, కరెంటా, కరెంటా అని. అన్నం తిని మంచమ్మీద నడుం వాల్సినారు, మరి లెగనేదు. ముసిలితనం వొదినా, ముసిలితనం. నువ్వైనా నలుగురికీ సెప్పు. ఆయన పని ఆయనకి నమ్మకం. పోయినాక మాట పడకూడదు కదా."

మా అత్తగారూ మా ఆయనా ఆ సాయంత్రమే బారువ వెళ్ళారు. పిల్లలతో నేను ఉండిపోయాను. వాళ్ళకి ఏం చెప్పాలో ఆలోచించి, తాత ఊరెళ్ళారు అని చెబుదామని ఖాయం చేసుకున్నాను. 

నిన్న పొద్దున్న ట్రేలకి నీళ్ళు పెడుతుంటే ఇద్దరూ గుమ్మంలోకి వచ్చారు. పెద్దాడు మెల్లిగా అడిగాడు. "తాత చచ్చిపోయారంట కదా. షాక్ కొట్టిందా అమ్మా?" చిన్నది నావైపు చూడటంలేదు, వరండా గోడ మీద డబ్బాలవైపు చూస్తోంది. అడుగు ముందుకి వెయ్యకుండా గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది. అంత చిన్న మొహం మీద అంత భయం చూడలేకపోయాను.

నీళ్ళ డబ్బా కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఇద్దర్నీ దగ్గరికి తీసుకుని చెప్పాను. "కాదు. తాతకి షాక్ కొట్టలేదు. తాత ఎప్పుడూ కరెంటుతోనే పనిచేశారు, ఎప్పుడూ జాగ్రత్తగా చేశారు. అందుకే బాగా ముసలివారయ్యి, కడుపునిండా అన్నం తిని, తన మంచం మీద పడుకుని చనిపోయారు. మీరిద్దరూ కూడా అచ్చం అలాగే చెయ్యాలి. అంతకుముందు మాత్రం వీల్లేదు, తెలిసిందా?"